సాయిలక్ష్మి వంతు

పొద్దున్నే వాకిట్లో కూర్చుని మాణిక్యమ్మ మిరపకాయలకు తొడాలు తీస్తోంది. లోపల పేరయ్య కాఫీ కోసం అరుస్తున్నాడు. ఆయన మామూలుగా మాట్లాడితేనే అరిచినట్టుంటుంది, ఇక అరిస్తే పక్కింటి గేదె కూడా మేత మానేసి చూస్తుంది. ఇన్నేళ్ళ కాపురంలో మాణిక్యమ్మ ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఊరు దాన్ని ఓర్పు అంది. ఆమె కూడా అలాగే అనుకుంటూ వచ్చింది.

వీధి చివర మాబు సాహెబ్ కొడుకు రంజాన్ మోపెడ్ ఆపి గొంతు తగ్గించాడు.

"పిన్నీ, ఇవాళ మధ్యాహ్నం గుంటూరులో మా ప్రోగ్రాం. సాయక్క సొంతంగా కట్టిన సంగీతం వాయిస్తున్నాం. నువ్వు రావాలి. నేను చెప్పానని మాత్రం అక్కతో అనొద్దు."

కూతురు సాయిలక్ష్మి ఈ గడప తొక్కి ఆరేళ్ళయింది. గుంటూరులో ఒక బడిలో సంగీతం చెప్పుకుంటూ హాస్టల్లో ఉంటోంది. వాళ్ళది నలుగురి బృందం: జోసఫ్ మాస్టారు, రంజాన్ వయొలిన్లు, చైతన్యకృష్ణ వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా, సాయిలక్ష్మి కాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించే పెద్ద చెల్లో. ఈ నలుగురూ ఇప్పటివాళ్ళు కట్టిన కొత్త సంగీతం తప్ప ఇంకోటి ముట్టుకోరు. పాత కచేరీలకు అలవాటుపడ్డ పెద్దలు అది పిల్లుల పోట్లాట అని ఎగతాళి చేస్తారు.

కళ్ళు చూపించుకోవాలని మొగుడికి అబద్ధం చెప్పి మాణిక్యమ్మ బస్సెక్కింది.

హాల్లో మనుషుల కంటే కుర్చీలే ఎక్కువ. వెనక వరసలో కూర్చుని కూతుర్ని చూసుకుంది. చిక్కిపోయింది పిల్ల. వాయిద్యాలు మొదలయ్యాయి. రెండు వయొలిన్లూ, వయోలా ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటున్నాయి. సాయిలక్ష్మి మాత్రం తీగలమీద లాగి వాయించే కమాను ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఇప్పుడు వాయిస్తుంది, ఇదిగో ఇప్పుడు వాయిస్తుంది అని మాణిక్యమ్మ కుర్చీ అంచుకు జరిగింది. ఎంతకీ వాయించదే! పెళ్ళి బంతిలో అందరికీ వడ్డించి ఒక్క విస్తరి దాటేసి పోయినట్టనిపించింది. బంతిలో అలా జరిగితే చూసినవాళ్ళు కేకేసి చెప్పాలి, అది మర్యాద. ఆమెకు తెలిసిన మర్యాద అదే. దిగ్గున లేచింది.

"ఏవయ్యా! మీరు ముగ్గురే వాయించుకుంటారా? మా పిల్లకి వంతు ఇవ్వరా? అంత లోకువైపోయిందా మీకు?"

హాలంతా గొల్లున నవ్వింది. జోసఫ్ మాస్టారి కమాను ఆగిపోయింది. సాయిలక్ష్మి లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మాణిక్యమ్మ వెనక గదిలోకి పరుగెత్తింది.

"ఏమైందే? నేను తప్పు మాట్లాడానా?"

"నాకు వంతు లేకుండా రాసింది నేనేనమ్మా!" అంది సాయిలక్ష్మి. "వాళ్ళు ముగ్గురూ కొట్టుకుంటారు. నాలుగో మనిషి చివరిదాకా చూస్తూ కూర్చుంటుంది. ఆ నాలుగో మనిషి ఎవరో తెలుసా? నువ్వు!"

"నేనా?"

"ఆడపిల్ల మగాళ్ళ పక్కన కూర్చుని వాయిస్తే పరువు పోతుందని నాన్న నా వయొలిన్ నీళ్ళపొయ్యిలో పెట్టాడు. నేను నీ కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఒక్క మాటన్నావా? కాగిన నీళ్ళు తోడి నాన్నకి స్నానానికి పెట్టావు. నా వయొలిన్‌తో కాగిన నీళ్ళు!"

మాణిక్యమ్మ గోడకు ఆనుకుంది. ఆ నీళ్ళు తోడినట్టు ఆమెకు గుర్తే లేదు. రోజూ తోడే నీళ్ళే కదా. గుర్తులేనందుకే ఇప్పుడు సిగ్గేసింది.

"ఇన్నేళ్ళకు నాకోసం నోరు తెరిచావు," అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ. "అదీ ఇక్కడ, అక్కర్లేని చోట."

మాణిక్యమ్మ కూతురి దగ్గరికి జరిగింది. "ఆదివారం మనింటికి రండి, నలుగురూ. ఇదే వాయించండి. మీ నాన్న ఉంటాడు."

"నేను రాను."

"రా తల్లీ. చివరిదాకా వింటాను."

ఆదివారం వాళ్ళు వచ్చారు. ఇచ్చిన మంచినీళ్ళు కూడా సాయిలక్ష్మి ముట్టలేదు. వసారాలో నాలుగు కుర్చీలు వేశారు. ఊరివాళ్ళు వాకిట్లో మూగారు. ఊరివాళ్ళ ముందు వెళ్ళగొట్టలేక పేరయ్య మంచమ్మీద కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు. ముగ్గురూ వాయిస్తున్నారు. కాసేపు చూసి ఆయన తన గొంతు విప్పాడు.

"ఇదేం చోద్యం! వాళ్ళు వాయిస్తుంటే ఇది దిష్టిబొమ్మలా కూర్చుందేంటి? ఈ సంబడానికేనా ఇల్లు వదిలిపోయింది?"

"మీరు ఊరుకోండి," అంది మాణిక్యమ్మ.

పేరయ్య తనకు కాదేమో అన్నట్టు అటూ ఇటూ చూశాడు. "ఏంటే, ఏమన్నావ్?"

"ఊరుకోమన్నాను. అది కూర్చుంది నాలాగా. వయొలిన్ కాలుతుంటే నేను కూర్చున్నట్టు. కాల్చింది మీరు, నీళ్ళు తోడింది నేను. ఇద్దరం వినాల్సిందే."

పేరయ్య కండువా దులిపి భుజాన వేసుకుని బజారుకేసి నడిచాడు. ఎవరూ ఆపలేదు. వాయిద్యాలు కూడా ఆగలేదు. మాణిక్యమ్మ స్తంభానికి ఆనుకుని, కమాను ఒళ్ళో పెట్టుకున్న కూతురినే చూస్తూ చివరిదాకా వింది. నిమిషం నిమిషానికీ ఆ మౌనం ఆమె గుండెల మీద కూర్చుంది. ఇంతకాలం దీనికా తాను ఓర్పని పేరు పెట్టుకుంది!

అయిపోయింది. మిగతావాళ్ళు వాయిద్యాలు సర్దుకుంటున్నారు.

"ఇంక మార్చి రాస్తావా తల్లీ, నీకూ వంతు ఉండేట్టు?" భయపడుతూ అడిగింది మాణిక్యమ్మ.

"లేదమ్మా. ఇది ఇంతే."

"సరే. అట్లాగే ఉండనీ," అంది మాణిక్యమ్మ. అంతకంటే అడిగే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు.

సాయిలక్ష్మి చెల్లోని సంచిలో పెట్టి జిప్పు లాగింది. మెట్టు దిగబోయి ఆగింది.

"మంచినీళ్ళివ్వమ్మా."

మాణిక్యమ్మ లోపలికి పరుగెత్తింది. కుండలో గ్లాసు ముంచిన చెయ్యి ఎంతకీ పైకి రాలేదు. అక్కడే నిలబడి భోరున ఏడ్చింది. వసారాలో కూతురు మళ్ళీ కుర్చీలో కూర్చున్న చప్పుడు వినిపించింది.