పండగనాటి పచ్చగాజులు

మార్గళి నెల, అంటే ధనుర్మాసం. మంచు ఇంకా విడవకముందే కాంతమ్మాళ్ వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసింది. పేడముద్దల మీద గుమ్మడిపూలు గుచ్చి నడుము పట్టుకొని లేచేసరికి, గాజుల బంగారుశెట్టి గాజుల సరాల మలారం భుజాన వేసుకొని వీధి మలుపు తిరుగుతూ కనిపించాడు.

“ఏమి శెట్టీ, ఇంత పొద్దున్నే?”

“దిండిగల్లు నుంచి వస్తుండానమ్మా. నిన్న కోటగుట్ట కింద పుదూరికి పోయినాను. ఎల్లుండి వాళ్ళకు కిరిస్తు పండగ గదా, గాజులు బాగా పోయినాయి.” శెట్టి తిన్నె మీద మలారం దించి గొంతు తగ్గించాడు. “మీ పుష్పమ్మను చూసినాను.”

కాంతమ్మాళ్ చేతిలో ముగ్గుచిప్ప కదలకుండా ఆగిపోయింది. “ఎట్లుంది?”

“నిండు నెలలమ్మా. తొమ్మిది. పచ్చగాజులు చేతికి తీసుకొని, చూసి చూసి, మళ్ళీ పెట్టేసింది. ఏమమ్మా వద్దా అంటే, ‘కడుపుతో ఉండేది తనకు తానే తొడుక్కుంటే ఏమి బాగుంటుంది శెట్టీ, తొడిగేవాళ్ళుండాల గదా’ అనింది. అనేసి ఆ పక్కకు తిరిగి నిలబడింది. పాపం, నాకే మనసు కష్టమై పోయింది.”

పుష్పం కాంతమ్మాళ్‌కు తోడికోడలు. చిన్నమనూరుకు పోయి, చూసి, మెచ్చి, మరిది బాలకృష్ణన్‌కు కట్టబెట్టింది కాంతమ్మాళే. అసలు బాలకృష్ణన్ ఆమెకు పేరుకే మరిది. ఆమె పద్నాలుగేళ్ళ కోడలుగా ఈ ఇంట అడుగుపెట్టేనాటికి వాడు తల్లిలేని మూడేళ్ళ పిల్లవాడు. ఆమెకు పిల్లలు కలగలేదు. కన్నా కనకపోయినా బిడ్డ అంటే ఆమెకు వాడే.

ఆ బిడ్డ దొరలు పెట్టిన బడిలో చదివి, అక్కడే ఉపాధ్యాయుడై, ఆరేళ్ళ కిందట వేదంలో కలిశాడు. కిరస్తానీ మతంలో కలవడాన్ని ఆ రోజుల్లో అట్లాగే అనేవారు. పుష్పం మొగుడి వెంట నడిచింది. చిన్నమనూరులో ఆమె కన్నవాళ్ళు కూతురు చచ్చిందని తలకు నీళ్ళు పోసుకున్నారు. ఇక్కడ అన్న నల్లసామి నాయుడు నీళ్ళయితే పోసుకోలేదు గాని, తమ్ముడి పేరు ఇంట్లో పలకవద్దన్నాడు. ఆయన ఊరికి పెద్ద. నలుగురి తగవులు తీర్చేవాడు తన ఇంటి తగవు తీర్చుకోలేదనే మాట పడలేడు.

“ఆ పిల్ల చేతి కొలత నీకు తెలుసు గదా శెట్టీ?”

“పెండ్లికి గాజులు తొడిగింది నేనే గదమ్మా.”

“పచ్చవి ఇయ్యి. రెండు చేతులకూ నిండుగా.”

మధ్యాహ్నం నల్లసామి చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, సంగటి ముందర కూర్చున్నాడు. కాంతమ్మాళ్ దాచిపెట్టడం చేతకాని మనిషి. గాజులు కట్టిన గుడ్డమూట గూట్లోనే ఉంది.

“అవి ఎవరికి?”

“పుష్పానికి. తొమ్మిదో నెల పోతుంది బావా. ఎల్లుండి వాళ్ళ పండగ. ఆనాడు పోయి తొడిగి వస్తాను.”

ముద్ద చేతిలోనే నిలిచిపోయింది. మూలన దూది ఏకుతున్న రక్కవ్వ, నల్లసామి మేనత్త రక్కమ్మాళ్‌ను ఇంట్లో అందరూ అట్లాగే పిలుస్తారు, తల ఎత్తింది.

“నీకు మతి ఉండాదా?” అన్నాడు నల్లసామి. “ఆ పుదూరిలో ఎవరెవరుండారో తెలుసా నీకు? ఏ ఏ కులాలో, ఒకే పందిరి కింద కూర్చొని ఒకే కుండలో తింటారు. పెద్దనాయుడి పెండ్లాము పోయి ఆ నడుమ కూర్చుంటే, రేపు నా మాట వినేదెవడు?”

“నేనేమి తినేదానికి పోతానా? నేనే వండుకొని పోతాను. పులుసన్నం, పెరుగన్నం, వేడుకకు కావలసిన అయిదు రకాల అన్నాలూ మన పొయ్యి మీదే చేస్తాను. ఆ పిల్ల ఒకతే ఉండాది బావా. కన్నవాళ్ళు లేరు. నేను తెచ్చిన పిల్ల.”

“వాడు తెంచుకొని పోయినప్పుడు మనమెవరమూ గుర్తుకు రాలేదు గదా?”

“వాడు తెంచుకోలేదు. దినమూ పొద్దున వాకిలి ముందర నిలబడి పోయినాడు, నెల నాళ్ళు. మీరు తలుపు తీయలేదు.”

అది నిజం. నిజం కాబట్టే నల్లసామికి కోపం తల దాకా ఎక్కింది. ఎక్కిన కోపంలో నోరు జారింది.

“పోయి ఏమి చేస్తావు? బిడ్డలు కనినవాళ్ళు తొడగాల గాజులు. నీ చేత తొడిగించుకుంటే ఆ పిల్లకు మాత్రం మంచిదా?”

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఊరంతా అన్న మాట అది. ఆయన మాత్రం ఏనాడూ అనలేదు. ఎవరైనా అంటే, వాళ్ళ ఇంటి గడప తొక్కడం మానేసిన మనిషి. అనేసిన తరువాత తనకే వినబడినట్టుంది, ఆయన కళ్ళు సంగటిలోకి దిగిపోయాయి.

కాంతమ్మాళ్ ఏడవలేదు. చారు గిన్నె ఆయన దగ్గరకు జరిపింది. “సరి,” అని మాత్రం అని, లోపలికి పోయింది.

మరుసటి దినమంతా ఇద్దరి నడుమా మాట లేదు.

పండగనాడు కోడి కూయకముందే లేచి ఆమె తలకు పోసుకుంది. చింతపండు పులుసు దించి, నువ్వులు వేయించి, కొబ్బరి కోరి, అయిదు అన్నాలూ కలిపి అరిటాకుల్లో మూట కట్టింది. నల్లసామి గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. ఆ ఊపిరి నిద్రపోయే మనిషిది కాదని ఆమెకు తెలుసు. రక్కవ్వ మాత్రం దొడ్డివాకిట్లో కాచుకొని ఉండి, ఒక చిన్న నూనెబుడ్డి చేతిలో పెట్టింది.

“నేను ముండమోసినదాన్ని, శుభానికి రాకూడదు. పండగపూట వాడి తలకు ఇంత నూనె పెట్టు. ఎవరు పెట్టి ఎన్నాళ్ళయిందో.”

తల మీద గంప పెట్టుకొని కాంతమ్మాళ్ దిండిగల్లు సంతకు పోయే ఆడవాళ్ళ వెంట నడిచింది. కోటగుట్ట మీద ఎండ పడేసరికి పుదూరు చేరింది.

మట్టిగోడల ప్రార్థన మందిరానికి రెండు వైపులా గెలతో ఉన్న అరటిచెట్లు కట్టారు. కొబ్బరాకు తోరణాలు, వాకిట్లో పెద్ద ముగ్గు. లోపల తాళాలు మోగుతున్నాయి. అందరికన్నా పైకి వినిపిస్తున్న గొంతు ఆమెకు తెలిసిందే. తలుపు దగ్గర నిలబడి చూసింది. బాలకృష్ణన్ పాట చెప్పిస్తూ ఇటు తిరిగాడు. తిరిగినవాడు చరణం మరచిపోయాడు. జనమంతా ఆగి అతనివైపు చూస్తుంటే, తాళాలు కింద పెట్టి, చాపల నడుమ నుంచి పరుగెత్తుకొని వచ్చాడు.

“వదినే!”

“పాట ముగించి రాకూడదా? నేనేమి పారిపోతానా?” అంది. నుదుటి మీద పడ్డ అతని జుట్టు వెనక్కు తోసి, “పండగపూట తల ఇట్లనా పెట్టుకొనేది, ఎండుగడ్డి మాదిరి? కూర్చో,” అంది.

మందిరం వసారాలోనే, పిల్లలందరూ చూస్తుండగా, తమ ఉపాధ్యాయుడు కాళ్ళు ముడుచుకొని కూర్చొని తలకు నూనె పెట్టించుకున్నాడు. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. అతను కళ్ళు మూసుకొని ఉన్నాడు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతుంటే, “నూనె కంట్లో పడింది వదినే,” అన్నాడు.

“అవునవును,” అంది కాంతమ్మాళ్.

పుష్పాన్ని పీట మీద కూర్చోబెట్టారు. పుదూరి ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఎవరు ఏ కులమో కాంతమ్మాళ్‌కు తెలియలేదు. మొదట చీర కొంగు దగ్గరకు లాక్కొని కూర్చుంది. పక్కనున్న ముసలమ్మ పసుపు గిన్నె అందించబోయి, ఆమె ఏమనుకుంటుందోనని వెనక్కు తీసుకుంది. అది చూసి కాంతమ్మాళ్‌కే సిగ్గయింది. చేయి చాచి గిన్నె అందుకుంది.

పుష్పం మోచేతుల దాకా గంధం పూశారు. ఇక గాజులు తొడగాలి. కాంతమ్మాళ్ మూట విప్పి, ఆ ముసలమ్మకే ఇచ్చింది. “మీరు మొదలుపెట్టండమ్మా. బిడ్డలు కనిన చేయి ముందర పడాల. నేను చివరన తొడుగుతాను.”

పుష్పం చేతులు వెనక్కు దాచుకుంది.

“నాకు వద్దక్కా.”

“అదేమి కణ్ణూ, తల్లీ?”

“మొదటి జత మీరే తొడగాల. లేకుంటే నాకు గాజులే వద్దు. ఆయన బడిలో పిల్లలకు చెప్తారు, నన్ను కనిన అమ్మ ముఖం నాకు తెలీదు, పెంచిన అమ్మ ముఖం మాత్రం కళ్ళు మూసుకున్నా కనబడుతుందని. ఆయనను పెంచిన చేయి కన్నా మంచి చేయి ఏదుండాదక్కా ఈ లోకంలో?”

కాంతమ్మాళ్‌కు మొన్న రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని వేడుకల్లో గోడ వారగా నిలబడి పాటలు మాత్రం పాడి వచ్చిందో! కళ్ళ ముందు గాజులు మసకబారాయి. పుష్పం తానే చేయి చాచి ఆమె ఒళ్ళో పెట్టింది. మొదటి పచ్చగాజు కణుపు దాటి మణికట్టు మీదికి జారగానే ఆడవాళ్ళంతా పాట ఎత్తుకున్నారు.

అన్నాలు పంచుతుంటే పుష్పం కాళ్ళ వాపు కాంతమ్మాళ్ కంటబడింది.

“నెప్పులొస్తే ఎవరుండారు నీకు?”

“దొరసానమ్మ వస్తాననిందక్కా. మంచి మనిషే. ఆమె చెప్పేది నాకు తెలీదు, నేను చెప్పేది ఆమెకు తెలీదు. నాకు భయంగా ఉండాది.”

మా ఇంటికి రా అనడానికి ఆ ఇల్లు కాంతమ్మాళ్ మాట మీద నడిచేది కాదు.

అప్పుడే బయట ఎద్దుల మువ్వలు వినబడ్డాయి. పిల్లలు కేకలు పెట్టారు. పందిరికి అవతల ఒక గూడుబండి ఆగి ఉంది. బండిలో నుంచి రక్కవ్వ తల బయటకు పెట్టి చూస్తోంది. నల్లసామి నాయుడు దిగి, ఎద్దు మెడ మీద చేయి వేసి నిలబడ్డాడు. పందిరి కిందికి రాలేదు, వెనక్కూ పోలేదు.

బాలకృష్ణన్ అన్న ఎదుటికి పోయి నిలబడ్డాడు. ఆరేళ్ళ తరువాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు.

“నీ వదినె గాజులు తొడిగిందా?” అన్నాడు నల్లసామి.

“తొడిగిందన్నా. మొదటి జత ఆమే తొడిగింది.”

నల్లసామి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కండువాతో ఎద్దు మీది దుమ్ము దులిపాడు. దులిపిన చోటే మళ్ళీ దులిపాడు. కాంతమ్మాళ్ దగ్గరకు రాగానే, “మొన్న నేననిన మాట...” అన్నాడు.

“నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు వీడు,” అంది రక్కవ్వ బండిలో నుంచి. “తెల్లవారి పురిటిగది వాడే కడుక్కున్నాడు. నన్ను చేయి పెట్టనియ్యలేదు.”

“పురిటిగదా?” కాంతమ్మాళ్ మొగుడి ముఖంలోకి చూసింది.

“కొట్టం పక్కది,” అన్నాడు నల్లసామి, తగవులో తీర్పు చెప్పే గొంతుతో. “ఆ పిల్లకు పుట్టిల్లు లేదు గదా. మన ఇంట్లోనే కాన్పు కానీ. రక్కవ్వ మంత్రసానులకే పాఠం చెప్తుంది.”

“ఊరు ఏమంటుంది బావా?”

“ఏమంటుంది? పురిటిగది ఎట్లయినా మైలదే. మైలలో ఉండేదాన్ని నీ కులమేమి, నీ వేదమేమి అని అడిగే మొగవాడు ఎవడన్నా ఉంటే నా తిన్నె మీదికి రమ్మను, చూస్తాను.” రెండు రాత్రులు ఆలోచించి పట్టిన మాట అది. చెప్పేటప్పుడు ఆయన మీసం కింద కొంచెం గర్వం కూడా కదిలింది.

“పురుడు పది దినాలే గదన్నా,” అన్నాడు బాలకృష్ణన్ మెల్లగా. “పదకొండోనాడు?”

“పదకొండోనాటి సంగతి పదకొండోనాడు చూసుకుందాము. నీకెప్పుడూ తొందరే.”

పుష్పం కాన్పు గుడ్డలు మూట కట్టుకొని వచ్చింది. ఆమె వెనకే పసుపు గిన్నె అందించిన ముసలమ్మ ఒక ఆకుదొన్నె పట్టుకొని వచ్చింది. అందులో నాలుగు బెల్లం పణియారాలు, తియ్యటి పొంగణాల వంటివి. బావగారి ఎదుట మాట్లాడే అలవాటు లేక పుష్పం దొన్నె మొగుడి చేతికిచ్చింది. బాలకృష్ణన్ అన్నవైపు చాచాడు. “పండగవి.”

“ఎవరు చేసినారు?”

అబద్ధం చెప్పి ఉంటే సులువుగా అయిపోయేది. “అందరూ కలిసి చేసినారన్నా.”

నల్లసామి ఆ దొన్నెను చూశాడు, ముసలమ్మను చూశాడు. తీసుకొని, నోట పెట్టకుండా, బండి నొగల దగ్గర పెట్టాడు. “పొద్దు పోతుంది, ఎక్కండి.”

బండి కదిలింది. బాలకృష్ణన్ వెనకాల చేయి ఆనించి నడవసాగాడు. పుదూరు దాటి జొన్నచేల నడుమకు వచ్చాక నల్లసామి ఎద్దులను నిలిపాడు.

“నడుస్తూ వస్తావేమిరా? వచ్చి నా పక్కన కూర్చో.”

అన్నదమ్ములిద్దరూ భుజాలు ఆనించుకొని ముందు కూర్చున్నారు. పుష్పం కాంతమ్మాళ్ ఒళ్ళో తల పెట్టుకొని కునికింది. ఎండ వాలుతోంది. కొంతసేపటికి నల్లసామి చేయి మెల్లగా దొన్నె దగ్గరకు పోవడం కాంతమ్మాళ్ చూసింది. రక్కవ్వ కూడా చూసి, వెంటనే నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంది. ఆయన ఒక పణియారం తీసి రెండుగా తుంచాడు. దారి మీది నుంచి చూపు తిప్పకుండానే పెద్ద ముక్క తమ్ముడి చేతిలో పెట్టి, చిన్నది తన నోట వేసుకున్నాడు.

కాంతమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒళ్ళో పిల్ల లేస్తుందేమోనని, కదలకుండా అట్లాగే కూర్చొని ఏడ్చింది.