నాలుగొందల పన్నెండు పేర్లు

గుడివాడ బస్టాండు ఎదురుగా, పట్టపగలు, డాక్టర్ పూర్ణచంద్రరావుని కాల్చి చంపారు. జేబులో పర్సు అలాగే ఉంది. చేతిలో ఉండాల్సిన ల్యాప్‌టాప్ మాత్రం లేదు.

గంటలో ఏజెంట్ కృపానందానికి చీఫ్ నుంచి ఫోన్ వచ్చింది.

"అందులో దివిసీమ హెచ్‌ఐవీ పేషెంట్లు నాలుగొందల పన్నెండుమంది పేర్లున్నాయి. అందరూ యాభై దాటినవాళ్లే. వయసు మీదపడితే ఎవరికైనా క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. వీళ్లకి వైరస్ వల్ల అది ఇంకా ఎక్కువ. ఎవరికి ముందు పరీక్షలు చెయ్యాలో డాక్టరుగారు ఎర్ర గుర్తులు పెట్టారు."

"అది ఎవరికి కావాలి సార్?"

"ఓ విదేశీ ముఠాకి. క్యాన్సర్ రాదని చెప్పి దొంగ ఇంజెక్షన్లు అంటగడతారు. వద్దన్నవాళ్ల జబ్బు ఊరంతా చాటుతారు. బందరు రేవులో మనమ్మాయి ఉంది. కోడ్ వర్డ్ పండుగప్ప."

కృపానందానికి యాభై ఆరేళ్లు. వైరస్ ఒంట్లో చేరి పంతొమ్మిదేళ్లు. ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఇప్పుడు మార్చురీలో ఉన్నాడు.

మధ్యాహ్నానికి లుంగీ, తలగుడ్డతో చేపల బేరగాడిలా బందరు గిలకలదిండి రేవులో దిగాడు. ఓ బోటు మీద నల్లకళ్లద్దాలతో దీప్తి నిలబడి ఉంది. ముఠా జీతం తీసుకుంటూ మనకు పనిచేసే మనిషి.

"పండుగప్ప ఉందా అమ్మా?"

"లోపల ఐసులో ఉందండీ. త్వరగా రండి."

కేబిన్‌లో ముఠా మనిషి రాజేష్ శాటిలైట్ లింకులో ఫైలు పంపుతున్నాడు. పూర్తిగా చేరితేనే తెరుచుకునే ఫైలు. తొంభై ఏడు శాతం. కృపానందం గుమ్మంలో కనబడగానే రాజేష్ పిస్టల్ ఎత్తాడు. దీప్తి అడ్డంపడింది. గుండు ఆమెకు తగిలింది. కృపానందం రాజేష్‌ను గోడకేసి కొట్టి, వైరు పీకేశాడు.

తొంభై తొమ్మిది దగ్గర ఆగింది.

"లిస్టులో మీ పేరు చూశానండీ," అంది దీప్తి, అతని చేతుల్లో. "ఎవరికీ చెప్పలేదు."

అంబులెన్స్ వచ్చేసరికి ఆమె ప్రాణం పోయింది.

మర్నాడు కృపానందం నాగాయలంక వెళ్లాడు. ఎర్ర గుర్తుల్లో మొదటి పేరు సత్యవతమ్మది. అరవై రెండేళ్లు, ఎండుచేపలమ్ముకునే మనిషి. పక్కకు పిలిచి, మెల్లగా విషయం చెప్పాడు.

"నలభైకే పోతాననుకున్నానండీ," అందామె. "మాత్రలేసుకుని ఇంతకాలం బతికితే, ఇప్పుడు మళ్లీ క్యాన్సర్ టెస్టులా?"

"బతికినందుకు ఆ మాత్రం శిక్ష తప్పదమ్మా. పదండి ఆస్పత్రికి, నాక్కూడా టోకెన్ తీసుకోవాలి."