రత్నమాణిక్యం చదవని కథ

తెల్లవారేసరికి వాన వెలిసింది. ఆకాశం ఉతికి ఆరేసిన పాత పంచెలా ఉంది. తూర్పున ఒక్క మబ్బు మాత్రం వెళ్లాలా వద్దా అన్నట్టు ఆగిపోయింది. కడియం దగ్గర తన నర్సరీలో, మొక్కల వరసల మధ్య నిలబడి గంగరాజు ఫోను వింటున్నాడు.

"ఆయ్, ఎర్ర మందారాలకి పసుపు మందారం చీటీలు కట్టేశారండి. సరుకు దింపుకునే ఆసామి పువ్వు చూపించి మరీ నన్ను తిడుతున్నాడండి," అన్నాడు లారీ డ్రైవరు త్రిమూర్తులు.

మొక్కలకి పేర్ల చీటీలు కట్టేది గంగరాజు భార్య రత్నమాణిక్యం. పాతికేళ్లలో ఒక్క చీటీ తప్పలేదు. గంగరాజు విసవిసా ఇంటికొచ్చాడు.

"కళ్లెదుట ఎర్రగా పువ్వుంటే పసుపు చీటీ ఎలా కట్టావు రత్నం? ధ్యాసంతా ఆ కథల మీదేనా? మధ్యాహ్నం చదువులు కాస్త తగ్గించు!"

మధ్యాహ్నం అన్నాలయ్యాక, కవర్లలో మట్టి నింపే ఆడవాళ్లకి ఆవిడ ఓ కథ చదివి వినిపిస్తుంది. వింటూ వాళ్లు పని చేసుకుంటారు. అది ఆ తోటలో ఆనవాయితీ.

రత్నమాణిక్యం తల వంచుకుని పెసరట్టు తిరగేసింది. ఆదివారం కాబట్టి కూతురు హారతి ఇంట్లోనే ఉంది. మండపేటలో బ్యాంకు ఉద్యోగం.

"అమ్మ చదవట్లేదు నాన్నా."

"రోజూ వింటూనే ఉన్నాను కదే!"

"గుర్తున్నవి అప్పజెబుతోంది. నిన్న రెండో శనివారం సెలవు కదా, వెనక నిలబడి చూశాను. పుస్తకం చివర తెరిచి పెట్టుకుని మొదటి కథ చెబుతోంది. అక్షరాలు కనబడట్లేదు తనకి."

"హారతీ! చెప్పొద్దన్నానా?" రత్నమాణిక్యం అట్లకాడ కింద పెట్టేసింది.

"ఎన్నాళ్లు దాస్తావమ్మా? అద్దాలు మార్చినా లాభం లేదు, అక్షరాలే పెద్దవి చేసుకోవాలన్నారు డాక్టరు గారు. అందుకే పుస్తకాలు చదువుకునే ఈ-బుక్ రీడర్ కొందామంటున్నాను," అంటూ హారతి సంచిలోంచి పలకలాంటిది తీసింది. "ఇది మా బ్యాంకులో ప్రసన్నకుమారిది. చూసిస్తానని తెచ్చాను."

"ఫోనుందిగా. మళ్లీ ఇదెందుకు?" అన్నాడు గంగరాజు. గొంతులో ఇందాకటి జోరు లేదు.

"ఫోను వెలుతురుకి అమ్మకి నీళ్లు కారుతున్నాయి. ఇది కాగితంలా ఉంటుంది."

"నాకేం వద్దు," అంది రత్నమాణిక్యం.

"నాకెందుకు చెప్పలేదు రత్నం?"

"చెబితే చీటీల పని మాన్పించి కూర్చోబెడతారు. ఇంక నేను ఈ తోటకి దేనికండీ?"

మూడో తరగతితో బడి మానేసిన మనిషి గంగరాజు. పెళ్లైన కొత్తలో ఈవిడే ఒక్కో మొక్క దగ్గరా నిలబెట్టి, చీటీ మీద పేరు కూడబలికించి చదివించింది. ఆయన ఎక్కడా వేలిముద్ర వెయ్యకుండా బతికాడంటే ఆవిడ చలవే. ఆ సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నోరు తెరిచి ఆవిడతో అనలేదు.

చేతుల మట్టి తువ్వాలుకి తుడుచుకుని ఆ పలక అందుకున్నాడు.

"అక్షరాలు పెంచు, అమ్మాయ్. ఇంకా... ఇంకాస్త."

భార్య ఎదుట పీట మీద కూర్చుని, అప్పట్లో ఆవిడ తనకి చీటీ పట్టినట్టే పట్టాడు.

"చదువు రత్నం."

ఆవిడ పలక మీదికి వంగింది. తర్వాత మెల్లగా ఓ వాక్యం. ఇంకోటి. హారతి పేజీ తిప్పింది. రెండో పేజీలో ఆగిపోయింది.

"ఏమైంది, కనబడట్లేదా?"

"కనబడుతోందండీ." కొంగుతో కళ్లొత్తుకుంది. "ఇది నేనెప్పుడూ చదవని కథ."

గంగరాజు కూతురికేసి తిరిగాడు. "తెప్పించు. రేపటిదాకా ఆగొద్దు."

"మరి చీటీలు?" అంది రత్నమాణిక్యం.

"నువ్వే కడతావు. లావు పెన్నుతో ఇంతింత అక్షరాలు నేను రాసిస్తాను. నువ్వు నేర్పినవేగా."

ఆవిడ పొయ్యి కేసి తిరిగింది. పెనం మీది అట్టు ఒక పక్క మాడింది. రోజూ ఆఖర్న ఒక్కతే తినే మనిషి, ఆవేళ మూడు కంచాలు పెట్టింది. మాడిన అట్టు గంగరాజు తన కంచంలోకి లాక్కున్నాడు. అల్లప్పచ్చడి గిన్నె ఆవిడ దగ్గరకి జరిపాడు. ముగ్గురూ తలలెత్తకుండా తిన్నారు.