సిపాయి జాక్ మారుపేరు

“ఒకే పుస్తకం కోసం ఇద్దరూ కొట్టుకున్నారంటే, ఒకే ఇంటివాళ్లయి ఉంటారేమోనే. రేపు పుట్టబోయే పిల్లల గతేంటి?” అంది సొలాంజ్ తల్లి యుగెత్.

పిల్లల దాకా ఎక్కడ? సొలాంజ్ ఆ కుర్రాణ్ణి చూసి అప్పటికి మూడు గంటలు కూడా కాలేదు.

చనిపోయిన తండ్రి వంశవృక్షం రాద్దామని సొలాంజ్ రివియేర్-దు-లూ పట్నంలో పాత రికార్డుల గదికి వెళ్లింది. కమురాస్కా చర్చి పాత రిజిస్టరు మీద ఆమె చెయ్యి వేసిన క్షణంలోనే ఇంకో చెయ్యి పడింది. ముందు నేనడిగానంటే, ముందు నేను పట్టుకున్నానని తగువు. చివరికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తలలు దగ్గరగా పెట్టుకుని చదివారు. బయట వాన. ఇద్దరికీ గొడుగు లేదు. ఆ సంగతి ఇద్దరికీ సంతోషంగానే ఉంది.

అతని పేరు రెజాన్ కదోరే. ఆమె ఇంటిపేరు సాన్‌సూసీ. అంటే చింత లేనివాళ్లని అర్థం. అన్నిటికీ చింతపడే యుగెత్ ఆ ఇంటికి కోడలైందని ఊళ్లో అందరూ నవ్వుకునేది అందుకే.

అయిదు శనివారాలు గడిచాయి. సొలాంజ్‌కి తాతల పేర్లకంటే రెజాన్ కనురెప్పలే బాగా గుర్తుంటున్నాయి. ఆరో శనివారం అతను కుర్చీలోంచి ఎగిరి లేచాడు. వేలు ఒక వాక్యం మీద ఉంది: జాక్ కదోరే, సాన్‌సూసీ అనబడేవాడు.

ఫ్రాన్సు రాజుగారి పటాలంలో ప్రతి సిపాయికీ ఒక మారుపేరు పెట్టేవారు. జాక్ ఫ్రాన్సు తిరిగి వెళ్లకుండా ఇక్కడే అడవి కొట్టి పొలం చేసుకుని స్థిరపడ్డాక, పెద్దకొడుకు కదోరే అని ఉంచుకున్నాడు, రెండోవాడు సాన్‌సూసీ అయ్యాడు.

సొలాంజ్ మొహం పాలిపోయింది. “మా అమ్మకి తెలిస్తే ఇక నువ్వు నాకు అన్నవే.”

“మూడొందల ఏళ్ల కిందటి ముత్తాతకి నేను నీకు అన్నేంటి? అలా లెక్కేస్తే ఈ నది ఒడ్డున ఊళ్లన్నీ చుట్టాలే, నేను చేసుకోడానికి మేకలే మిగుల్తాయి.”

అమ్మ దగ్గర ఏదీ దాచడం చేతకాని పిల్ల. చెప్పేసింది. తన కంఠంలో ప్రాణం ఉండగా ఈ పెళ్లికి ఊ అననని యుగెత్ తేల్చేసింది. ఇంట్లో ఉన్నది తల్లీ కూతుళ్లిద్దరే. అమ్మ ఊ అనకుండా సొలాంజ్ ఆ ఇంటి గడప దాటదు. ఆ మాటే రెజాన్‌కి చెప్పింది.

తర్వాతి రెండు శనివారాలు అతను బల్ల దగ్గరికి రాలేదు. పారిపోయాడనుకుని సొలాంజ్ అలిగి అతని ఫోను ఎత్తడం మానేసింది.

మూడో వారం, ఆదివారం భోజనాల వేళకి తలుపు చప్పుడైంది. తడిసిన కోటు, లోపల మూడు పొడి కాగితాలు. రెజాన్ నిలబడే చెప్పుకొచ్చాడు. కెబెక్ నగరం దాకా వెళ్లి అక్కడి రికార్డులు వెతికాడట. సిపాయి జాక్‌కి మూడో కొడుకు కూడా ఉన్నాడు. అతను ఊరి సిపాయిల దళంలో చేరితే అక్కడ ఇంకో పేరు పెట్టారు. జొలీకేర్.

“అది మా పుట్టింటి పేరు బాబూ,” అంది యుగెత్ మెల్లగా.

“అవును మదామ్. మీరూ, మీ ఆయనా కూడా ఆ సిపాయి వంశమే. మీకు పుట్టిన పిల్ల ఇదిగో, రెండు వారాలుగా నన్ను ఏడిపిస్తోంది. బలానికేం లోటు కనబడలేదు నాకు.”

సొలాంజ్ నవ్వలేదు. తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. “అమ్మా, ఇప్పుడేమంటావు?”

యుగెత్ కళ్లజోడు పెట్టుకుని మూడు కాగితాలూ వరసగా, వేలితో ఒక్కొక్క పేరూ తడుముతూ చదివింది. పెళ్లి రిజిస్టరు నకలులో తన సంతకం దగ్గర వేలు ఆగింది. భర్త సంతకం పక్కనే ఉంది. పొయ్యి మీద బఠాణీల సూపు పొంగింది. ఎవరూ దించలేదు. రెజాన్ కోటు నుంచి నీళ్లు కారి నేలమీద చిన్న మడుగు కట్టాయి. ఆ మడుగు కుర్చీ కాలిని తాకాక యుగెత్ కళ్లజోడు తీసింది.

“జూన్‌లో మాత్రం వద్దు,” అంది చివరికి. “చర్చి మెట్లు తడిగా ఉంటాయి, ఎవరైనా జారిపడతారు. ఆగస్టులో పెట్టుకోండి.”