మూడో పాఠం

2074 నాటికి కాకినాడలో హోంవర్క్ అనేది తాతలు చెప్పుకునే ముచ్చటైపోయింది. ప్రతి ఇంట్లోనూ వంటగది గోడకి అరచేతంత గ్రాహిణి అనే యంత్రం ఉండేది. చదువు చెప్పడం దాని పని కాదు. పిల్లల చూపు ఎక్కడ ఆగిందో, తమలో తాము ఏం గొణుక్కున్నారో సెన్సర్లతో పట్టి, ఇంట్లో వాళ్లంతట వాళ్లు నేర్చుకున్నదేమిటో ప్రతి శనివారం చదివి వినిపించేది.

ఇంద్రాణికి ఆ యంత్రం మీద రవ్వంత నమ్మకం లేదు. ఎనిమిదేళ్ల కూతురు తరళ ఎప్పుడు చూసినా చీమల బారు ముందు బోర్లా పడుకుని ఉంటుంది. గ్రాహిణేమో వారం వారం భేషంటుంది. ఇద్దరూ కలిసి తన చెవిలో పువ్వు పెడుతున్నారని ఆవిడ అనుమానం. అనుమానం వచ్చాక మనిషి ఊరుకుంటుందా?

మంగళవారం "బజారుకెళ్ళొస్తానే" అని చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్లింది. పెరటి గుమ్మంలోంచి మళ్లీ వచ్చి వంటగది కర్టెన్ వెనక నిలబడింది. తరళ చీమలకి పంచదార పలుకు పెట్టింది. మధ్యలో ఒకసారి తలెత్తి గోడవైపు చూసి, మళ్లీ చీమల్లో పడింది. గురువారమూ అదే తంతు. ఒకటే తేడా, చీమల కబుర్లు చెప్పడానికి పరిగెత్తుకొచ్చే పిల్ల ఆ వారమంతా రాలేదు.

"ఏం చేశావే ఇవాళ?"

"ఏం లేదమ్మా."

ఇంద్రాణికి అనుమానం ఇంకా గట్టిపడింది. ఏదో దాస్తోంది.

శనివారం గ్రాహిణి నోరు విప్పింది. "ఈ వారం తరళ నేర్చుకున్నవి మూడు. చీమలు వాసనతో దారి వేసుకుంటాయి. రెండోది తర్కం: అమ్మ బజారుకన్నది, సంచి మేకుకే ఉంది, కనుక అమ్మ ఇంట్లోనే ఉంది. మూడోది, తెలిసినా తెలియనట్టు ఉండటం."

"ఆ మూడోది ఎవరు నేర్పారు?" అడిగింది ఇంద్రాణి.

"మీరేనండీ."

ఆవిడకి తల ఎత్తుకోలేనంత సిగ్గేసింది. కూతుర్ని దగ్గరికి తీసుకుని, "తప్పు చేశానమ్మా, ఇంకెప్పుడూ అలా చెయ్యను" అంది. తరళ బుద్ధిగా తలూపింది.

ఆదివారం ఇంద్రాణి సంచి తీసుకుని నిజంగానే బజారుకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి కర్టెన్ పైకి ముడేసి ఉంది. తరళ ఎదురొచ్చి సంచి అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని కొత్తిమీర వాసన చూసింది.

"వెళ్ళావులే" అంది.