దేశం బయట ఉన్న దరఖాస్తుదారు

“హంతకుడు సాయంత్రం ఆరింటి ఫ్లైట్‌లో దిగుతాడు. ఈ-విజిటర్ వీసాకి పొద్దున్నే అప్లై చేశాడు,” అంది నెమలి, కప్పుకి అంటిన లిప్‌స్టిక్ తుడుస్తూ. విదేశీ ముఠాలో ఆవిడ మన మనిషి. చీఫ్ నమ్మకం అది.

“అయితే గార్డులందర్నీ ఎయిర్‌పోర్టుకి పంపేద్దాం,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ నైన్‌కి మింగుడు పడలేదు. ముఠా తయారుచేసిన విషవాయువు గుట్టు తెలిసిన కెమిస్టు, మధ్యాహ్నం పన్నెండింటికి ఇదే భవనం పై అంతస్తులో వాంగ్మూలం ఇవ్వాలి. “నువ్వుంటే నాకు భయం లేదు తమ్ముడూ,” అంది పొద్దున. ఆ మాట అతన్ని నిలవనీయడం లేదు.

హంతకుడి వీసా ఫారం తెరిచాడు. ఉద్యోగం చెయ్యను, టీబీ లేదు, నేరచరిత్ర లేదు. హంతకుడు పెద్దమనిషిలా అన్నిటికీ టిక్కు పెట్టాడు. చివరి అర్హత దగ్గర నైన్ కళ్ళు ఆగాయి: అప్లై చేసేటప్పుడూ, వీసా ఇచ్చేటప్పుడూ దేశం బయట ఉండాలి.

ఫారంలోని నంబరుకి ఫోన్ కొట్టాడు. నెమలి చూపు గోడ గడియారం మీదికి పోయింది.

ఎత్తకపోతే అనుమానం వస్తుందని కాబోలు, హంతకుడు వెంటనే ఎత్తాడు.

“వీసా ఆఫీసు నుంచండీ. చిన్న డౌటు. మీరిప్పుడు మా దేశం బయటే ఉన్నారు కదా?”

“బయటేనండీ! మీ దేశంలో ఇంకా కాలే పెట్టలేదు.”

అప్పుడే గదిలో పైన ఉన్న స్పీకరు అరిచింది. “గేటుకి అడ్డంగా తెల్లకారు పెట్టినవాళ్ళు వెంటనే తియ్యాలి!”

అదే అరుపు ఫోన్‌లోనూ వినిపించింది.

నెమలి చేతిలో కప్పు ఆగిపోయింది.

“సార్, ఈవిణ్ణి కదలనివ్వకండి!” చీఫ్ చెవిలో చెప్పి నైన్ బయటికి దూకాడు. “లైన్లోనే ఉండండి, ఫైలు వెతుకుతున్నా,” అని ఫోన్‌లో బతిమాలుతూ రెండేసి మెట్లు ఎక్కాడు.

పై అంతస్తు వరండా నిండా ప్రెస్ ఫొటోగ్రాఫర్లు. అవతలి తలుపులోంచి కెమిస్టు వస్తోంది.

“పర్వాలేదండీ, ఉంటాను.”

కుడిచెవికి ఆ మాట ఫోన్లోంచి వచ్చింది. ఎడమచెవికి పక్కనున్న గళ్ళచొక్కా ఫొటోగ్రాఫర్ నోట్లోంచి వచ్చింది. వాడి వేలు కెమెరా బటన్ మీద ఉంది.

నైన్ వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. లెన్సులోంచి దూసుకొచ్చిన విషపు సూది కెమిస్టు తల పక్కన తలుపులో దిగబడింది.

“వచ్చావా తమ్ముడూ...” అంది ఆవిడ, సూదికి దూరంగా జరుగుతూ. నైన్‌కి ప్రాణం లేచొచ్చింది.

నెమలికీ, ఫొటోగ్రాఫర్‌కీ కలిపి బేడీలు వేయించాక చీఫ్ చెమట తుడుచుకున్నాడు.

“మరి ఇతని వీసా సంగతేం చేద్దామయ్యా?”

“రిజెక్ట్ చేయించండి సార్. విజిటర్‌కైతే మూడు నెలలే ఇస్తారు. ఈయన చాలాకాలం ఉండేలా ఉన్నాడు.”