గడప దాటిన గుత్తిపువ్వు

కోడలు మొక్కల్ని చంపింది. అందులో అనుమానమూ లేదు, వాదనా లేదు. వరండా పక్కన ఏళ్ళ తరబడి పూసిన పొదలు ఒక్క పూటలో కత్తెరకు మొదలంటా పోయాయి. తెలియక చేసిందని కొడుకు అంటాడు. తెలియక తొక్కినా, చచ్చిన చీమ లేచి నడవదు.

ఆ పొదల పేరు హైడ్రేంజియా. ఆ ఇంటి పెద్దాయన భార్యకు ఆ పేరు ఏనాడూ నోరు తిరగలేదు. గుత్తిపువ్వు అంది. ఇంటిల్లిపాదికీ అదే పేరు ఖాయమైపోయింది. దోసిట్లో పట్టనంత గుత్తులు, వాన వెలిసిన ఆకాశం రంగు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఎక్కడో కొండల మీద ఇనుము చెక్కే లేత్ మిషన్ బిగించడానికి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో ఆ మొక్కను లారీలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. నాటేటప్పుడు ఒక్కటే షరతు పెట్టాడు. "ఈ పువ్వు ఈ వీధిలో మనకొక్కళ్ళకే ఉండాలి. రెమ్మ కూడా గడప దాటకూడదు." ఆమె తలూపింది. ఆమె తలూపితే రాతి మీద చెక్కినట్టేనని ఆయన నమ్మకం.

ఆమె పోయింది. ఆ తర్వాతి చలికాలం ఆయన కంటి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో ఉండగా, కోడలు గులాబీలను కత్తిరించినట్టే ఈ పొదలనూ కత్తిరించింది. గులాబీ వేరు, ఇది వేరు. దీనికి వచ్చే ఏటి మొగ్గ పాత కొమ్మలోనే నిద్రపోతూ ఉంటుంది. కొమ్మ పోతే మొగ్గ పోయినట్టే. పైగా ఆ వారమే చలి విరుచుకుపడి, కోసిన మోళ్ళు నల్లబడ్డాయి. వేసవి వచ్చింది, తొలకరి వచ్చింది. మోళ్ళు మాత్రం చిగురించలేదు.

చలికాలం నుంచి ఆయన కోడలితో మాట్లాడలేదు. పొద్దున్నే ఆమె కాఫీ కప్పు కిటికీ మీద పెట్టి, గాలితో చెప్పినట్టు "కాఫీ" అంటుంది. దాన్ని కొడుకు తీసి వరండా మెట్టు మీద పెడితేనే ఆయన ముట్టుకుంటాడు. ఆ కప్పు రెండు చేతులు మారేసరికి కాఫీ చల్లారిపోతుంది. కొడుకు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఊరందరి ఇళ్ళలో అన్నీ చల్లబరుస్తాడు కానీ, సొంత ఇంట్లో ఈ వేడి మాత్రం అతని వల్ల కాలేదు.

ఆ ఉదయం కొడుకు బయటినుంచి హుషారుగా వచ్చాడు. చేతిలో కుండీ, కుండీలో నీలం గుత్తి.

"నాన్నా, చూడు ఏం తెచ్చానో! నీలమే. నర్సరీ అతను గ్యారంటీ ఇచ్చాడు."

"గ్యారంటీ ఫ్రిజ్‌కి ఇస్తారు. మొక్కకెవడిస్తాడురా?"

"అచ్చం అమ్మ మొక్కలాగే ఉంది కదా. వరండా పక్కనే నాటేద్దాం."

"మీ అమ్మలాగే ఉన్నావిడ బజార్లో కనబడితే, ఇంటికి తీసుకొచ్చి అమ్మా అని పిలుస్తావా?"

పెద్దాయన లేచి కుండీ అందుకున్నాడు. గేటు తీసి, వీధిలో చెత్తడబ్బా పక్కన దాన్ని దించి, చేతులు దులుపుకుని వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

కోడలు అప్పుడే డ్యూటీకి బయలుదేరి వరండాలోకి వచ్చింది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. భుజాన బ్యాగు, చేతిలో గొడుగు. వీధిలో కుండీ చూసింది, మొగుడి మొహం చూసింది. అడగక్కర్లేకుండానే అర్థమైంది.

"ఆవిడకి చెప్పరా," అన్నాడు పెద్దాయన గోడ వైపు చూస్తూ. "తెంచిన వేరు బజార్లో కొనుక్కొచ్చి అతికిస్తే అతకదని చెప్పు. జనం ఎముకల ఫొటోలు తీసే ఉద్యోగం కదా, మొక్కనీ ఎముకలదాకా తీసుకొచ్చింది."

"నాన్నా!"

"చెప్పు. ఈ ఇంట్లో మీ అమ్మ వేరు తెగిపోయిందని చెప్పు. తెంచిన చెయ్యి ఏదో కూడా చెప్పు."

కోడలు బ్యాగు కింద పెట్టింది. గొడుగు గోడకు చేరవేసింది.

"నేరుగా నాతోనే అనండి మామయ్యా. మధ్యలో ఆయన్ని పోస్ట్‌మేన్‌ని చేయకండి."

పెద్దాయన గోడనే చూస్తున్నాడు.

"సరే, నేనే అంటాను. కోశాను. నేనే కోశాను. మీ కంటికట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చే రోజు, ఎండిపోయిన పువ్వులు ముందుగా మీ కంటబడకూడదనుకున్నాను. మా అమ్మ గులాబీలకు ఎలా చేసేదో అలాగే చేశాను. తప్పే. ఆ రోజే తప్పని చెప్పాను, ఏడ్చాను కూడా. ఇంక రోజూ చెప్పను. పొద్దున కాఫీతో పాటు నా తప్పుని కూడా రోజూ కిటికీ మీద పెట్టమంటే నా వల్ల కాదు."

"విన్నావట్రా? తప్పు చేసి తల ఎగరేయడం చూడు."

"తల దించితే చిగురేస్తాయా? చెప్పండి, ఇప్పుడే దించుతాను. మీతో పాటు నేనూ ఆ మోళ్ళ ముందు కూర్చుంటాను."

కొడుకు ఒకసారి భార్య వైపు, ఒకసారి తండ్రి వైపు చూసి, అలవాటు ప్రకారం కిటికీ మీది కాఫీ కప్పు పట్టుకున్నాడు. ఎవరికివ్వాలో తెలియక తనే తాగేశాడు.

"ఇంకొక్క మాట," అంది కోడలు. ఆమె గొంతు మారింది. "అత్తయ్య వేరు తెగలేదు."

ఆమె వీధి వైపు చెయ్యి చూపించింది.

"ఈ వీధి నిండా ఉంది. ఎదురింటి టైలరమ్మగారి గోడ వెంట ఉన్నది ఎవరి మొక్కనుకున్నారు? మూలింట్లో వాచీలు రిపేరు చేసే ఆయన గేటు దగ్గరిది? అన్నీ ఈ పొద పిల్లలే. అత్తయ్య కిందికి వంగిన కొమ్మని మట్టిలో తొక్కి, మీద రాయి పెట్టేది. వేరు పట్టాక తెంపి కుండీలోకి మార్చేది. మీరు మధ్యాహ్నం కునుకు తీయగానే, నేను బ్యాగులో పెట్టుకుని ఇచ్చొచ్చేదాన్ని."

పెద్దాయన మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"అబద్ధం. అవన్నీ గులాబీరంగువి. రంగు వేరైతే జాతి వేరు."

"జాతి వేరు కాదు, మట్టి వేరు. మన దొడ్లో ఏళ్ళుగా ఆకులు కుళ్ళి మట్టి పుల్లబడింది, అందుకని నీలం. అవతలి వరస ఇళ్ళన్నీ పాత కట్టడం పడగొట్టిన సున్నం మీద కట్టారు. అదే మొక్క అక్కడ గులాబీరంగు పూస్తుంది. మొదటిది అలా పూసిన రోజు అత్తయ్య వంటింట్లోకి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. 'ఇంక మీ మామయ్యకి ఈ జన్మలో తెలీదే' అంది. మీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. నా తప్పుకి నన్ను తిట్టండి, పడతాను. ఆవిడ పేరు చెప్పి తిడితే మాత్రం పడను."

పెద్దాయన లేచాడు. కొడుకు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. గేటు దాటి, కుండీ దాటి, వీధి దాటాడు.

టైలరమ్మతో ఆయనకు మాటల్లేవు. ఎప్పుడో ఒక సాయంత్రం ఆమె గోడ మీంచి వాలిన పువ్వులు చూసి, "ఉతికి ఉతికి వెలిసిపోయిన లంగా గుడ్డలా ఉన్నాయి. మా పువ్వుకి నకలు కూడా సరిగ్గా రాలేదు" అని మొహం మీదే అన్నాడు. పక్కనే ఉన్న భార్య దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకుంది. టైలరమ్మ మాత్రం పెదవి కొరుక్కుని, ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. సిగ్గుపడిందనుకున్నాడు.

ఇప్పుడు ఆ గోడ దగ్గర నిలబడి ఒక ఆకును రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. జీవితమంతా ఇనుము అంచుల్ని వేలితో తడిమి కొలిచిన మనిషి. ఆకు అంచున రంపపు పళ్ళు, నడి ఈనె దగ్గర ఆ మడత, కాడ మీద ఆ మచ్చలు. అబద్ధమాడింది రంగొక్కటే. కొత్త కళ్ళతో వీధి పొడుగునా చూశాడు. మూలింటి గేటు దగ్గర ఒకటి. దాని అవతల, మెట్ల పక్కన ఒకటి. పాలబూత్ వెనక ఇంకొకటి.

సాయంత్రం పూట ఆమె ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడుద్దామని పట్టుబట్టేది. మోకాళ్ళ కోసమనుకున్నాడు ఆయన. ప్రతి గేటు దగ్గరా ఆగి, చెప్పులో రాయి పడిందనేది. ఒక్క మనిషి చెప్పులోకి అన్ని రాళ్ళు ఎలా వస్తాయని ఆయన ఏనాడూ అడగలేదు. పెంచి ఇచ్చిన పిల్లల్ని చూసుకోవడానికి వచ్చేదన్నమాట. పక్కన మొగుడు నడుస్తుండగానే.

కోపం వచ్చింది. బతికున్నవాళ్ళతోనైతే దెబ్బలాడొచ్చు. పోయినవాళ్ళతో ఏం దెబ్బలాడతాడు? ఆ కోపం వెళ్ళడానికి దారిలేక కళ్ళలోకి వచ్చింది. ఆయన తుడుచుకోలేదు. తుడుచుకుంటే వచ్చిందని ఒప్పుకున్నట్టవుతుంది.

"ఏం అన్నయ్యగారూ," అంది గోడ అవతలినుంచి టైలరమ్మ, మెడలో కొలత టేపుతో. "వెలిసిన లంగా గుడ్డని అంత దగ్గరగా చూస్తున్నారు? కొలతలు తీయనా?"

"ఇదెక్కడిది?"

"తెలిసే వచ్చారు. తెలియకపోతే మీరు రోడ్డుకి ఇటువైపు అడుగు పెట్టరు."

"నా ఇంటి సొమ్ము."

"మీ ఇంటిదే. ఇచ్చిందీ మీ ఇంటావిడే. నేను గోడ దూకి తెచ్చుకోలేదు."

"నన్ను అడగలేదు."

"అడిగితే ఇచ్చేవారా?"

"ఇచ్చేవాణ్ణి కాదు."

"అందుకే అడగలేదు."

పెద్దాయన పట్టుకున్న ఆకును వదిలేశాడు. తర్వాత, గొంతులో ఇరుక్కున్న మేకును పీకినట్టు అన్నాడు. "ఒక అంటు కావాలి."

"ఉంది. వేరు పట్టి సిద్ధంగా ఉంది. మీకు మాత్రం ఇవ్వను."

"ఎందుకివ్వరు?"

"మీ చేతికిస్తే మళ్ళీ చుట్టూ కంచె కడతారు. వదిన ఈ మొక్క ఏ చేత్తో పంపించిందో ఆ చేతికే ఇస్తాను. పిలవండి మీ కోడల్ని."

"నేను పిలవను."

"అయితే నేనూ ఇవ్వను. నిలబడండి మరి. మీకు పని లేదు, నాకూ ఇవాళ కుట్టుపని తక్కువే."

నిలబడ్డాడు. ఎండ గోడ మీదికి ఎక్కుతోంది. అవతల గేటు దగ్గర కోడలు గొడుగు పట్టుకుని ఉంది. డ్యూటీకి ఆలస్యమవుతున్నా కదలలేదు. రమ్మని అడగలేదు, రానని చెప్పలేదు. ఆ పిల్ల పొగరు ఆయనకు ఒంటికి కారం రాసినట్టుంది. అంత పొగరూ ఒట్టు కింద తొక్కిపెట్టి, చలికాలం నుంచి ఇవాళ్టిదాకా, ఒక్క మాటతో ఎప్పుడో తప్పించుకోగలిగిన తిట్లన్నీ తిన్నదన్న సంగతి కూడా అప్పుడే తట్టింది.

"అమ్మాయ్!" అన్నాడు. గొంతు తుప్పుపట్టిన గేటులా కిర్రుమంది. "ఇలా రా."

"నన్నేనా? ఆయన్ని పంపించమంటారా?"

"నిన్నే. వాడెందుకు, దండగ. ఎండెక్కితే వేరు వాడిపోతుంది, త్వరగా రా."

ఆమె వీధి దాటి వచ్చింది. వస్తూనే కొంగుతో కళ్ళొత్తుకుంది, అయినా తల దించలేదు. టైలరమ్మ లోపలినుంచి కుండీ తెచ్చి, గోడ మీంచి ఆమె చేతుల్లో పెట్టింది. చిన్న మొక్క. కొసన పిడికెడు గులాబీరంగు గుత్తి.

నల్లబడ్డ మోళ్ళను పెద్దాయనే గునపంతో పెకలించాడు. కొడుకు ఆసుపత్రికి ఫోన్ చేసి, భార్య ఆలస్యంగా వస్తుందని చెప్పాడు. కోడలు గుంతలో ఎండాకుల ఎరువు వేసి మొక్కను దించింది.

"లోతు ఎక్కువైంది. మొదలు మట్టిలో మునిగితే కుళ్ళుతుంది. పైకి లాగు."

"లాగాను."

"ఇంకొంచెం. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నానికి వరండా నీడ పడాలి. అటు తిప్పు."

"తిప్పాను. ఈ గుత్తి కోసేయనా మామయ్యా? వేరు కుదురుకునేదాకా మొక్కకి బరువు."

కత్తెర ఆమె చేతిలోనే ఉంది. ఆయన దాన్ని చూశాడు.

"కొయ్యి," అన్నాడు పెద్దాయన. "పువ్వు వరకే. కొమ్మ జోలికి పోకు."

ఆమె పువ్వు వరకే కోసింది.

"నువ్వు చేసింది తప్పే," అన్నాడు.

"తప్పే."

"నేను మర్చిపోను."

"మర్చిపోవద్దు. నీళ్ళు పోయండి."

ఆయన నీళ్ళు పోశాడు. సగం నీళ్ళు ఆమె కాళ్ళ మీద పడ్డాయి. ఆమె పాదాలు వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం కొడుకు పక్కన చేరి నెమ్మదిగా కదిపాడు. "అయితే నాన్నా, అమ్మ సంగతి నీకు బాధగా లేదా? నీ కోడలితో నువ్వు ఇంక..."

"ఒరేయ్," అన్నాడు పెద్దాయన. "మీ అమ్మ నాకు చెప్పకుండా ఏం చేసింది, ఈ అమ్మాయి తెలియక ఏం చేసింది, నేను వీధిలో నిలబడి ఏం చేశాను, ఈ మూడూ ఇవాళ్టితో సరి. ఇంక ఈ నోటెంట రావు. నువ్వు అడగొద్దు, ఎదురింటావిణ్ణి అడగనివ్వొద్దు."

"కానీ నాన్నా..."

"చెప్పాను కదా."

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎవరెన్నిసార్లు కదిపినా, బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు.